లోగో కింద దాగిన స్కోరు

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో "బాగాలేదు" అనే మాట ఎవరికీ నోరు తిరిగేది కాదు. (ఈ రోజుల్లో తిరుగుతోందని నేననడం లేదు.) ప్రివ్యూ చూసి బయటికొచ్చినవాళ్లు నిర్మాత రెండు చేతులూ పట్టుకుని "అదిరింది సార్" అనేవారు. కారెక్కి అద్దాలు పైకెత్తుకున్నాకే తలలు పట్టుకునేవారు. సినిమా పోయిందని ఊరందరికీ తెలిసేది, తీసినవాడికి మాత్రం అందరికంటే ఆఖర్న తెలిసేది. అలాంటి చోట నాకు బుద్ధొచ్చింది స్పెయిన్ దేశపు ఫుట్‌బాల్ వల్ల అంటే మీరు నవ్వుతారు. నవ్వండి. ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది గానీ ఆ ఏడాది మాత్రం రాలేదు.

అప్పుడు నేను ఒక సినిమా సంస్థ కథా విభాగంలో సహాయకురాలిని. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి, మెట్ల కింద ఒక బల్ల, ఒక కుర్చీ, నేను. కృష్ణానగర్‌లో ముగ్గురు డాన్సర్ అమ్మాయిలతో కలిసి ఒకే గదిలో ఉండేదాన్ని. వాళ్లు పొద్దున్నే లేచి స్టెప్పులు వేస్తుంటే గోడవారగా కూర్చుని నా కథ రాసుకునేదాన్ని. కరీంనగర్‌లో నాన్నకు ఒక మాట ఇచ్చి వచ్చాను: ఈ వేసవిలోగా మా నిర్మాతకు నా కథ వినిపిస్తాను, ఆయన కాదంటే తిరిగొచ్చి బీఎడ్‌లో చేరతాను. నాన్న బీఎడ్ దరఖాస్తు సంగతి వారం వారం గుర్తుచేసేవాడు. నేనేమో వచ్చే సోమవారం, పై సోమవారం అంటూ నెట్టుకొచ్చేదాన్ని. ఎందుకంటే మా ఆఫీసులో కథ వినేది సోమవారాలే. అది కూడా ఆయన జట్టు గెలిస్తేనే.

ఆయనంటే మా నిర్మాత, ఆఫీసంతా పెద్దాయన అనేవాళ్లం. భీమవరం వైపు మనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. అంతకు రెండేళ్ల ముందు ఒక పాట తీయడానికి స్పెయిన్‌లో ఏదో చిన్న ఊరికి వెళ్లారు. అక్కడి ఏర్పాట్లు చూసే మనిషి ఈయన్ని ఒక సాయంత్రం స్టేడియానికి తీసుకెళ్లాడు. గేటు దగ్గర ఒక ముసలావిడ, చలికి వణుకుతున్నాడు పాపం అనుకుందో ఏమో, తన నారింజ, నలుపు చారల కండువా తీసి ఈయన మెడలో వేసింది. మన దగ్గర కండువా కప్పించుకోవడమంటే ఏమిటో మీకు తెలుసు, పార్టీలో చేరినట్టే. పెద్దాయన ఆ క్షణమే ఆ జట్టులో చేరిపోయారు. తిరిగొచ్చి, ఆ జట్టు గెలిచిన మర్నాడు విన్న కథ సినిమాగా తీస్తే అది బ్రహ్మాండంగా ఆడింది. అంతే, సెంటిమెంటు కుదిరింది. (ఆ జట్టు పేరు మా ఆఫీసులో తలా ఒక రకంగా పలికేవారు. నేను రాసినా తప్పే పోతుంది కాబట్టి వదిలేస్తున్నాను.)

చిక్కేమిటంటే ఆ నారింజ చొక్కాల జట్టుకు గెలవడం పెద్దగా అలవాటు లేదు. కింది లీగ్ నుంచి కొత్తగా పైకి వచ్చింది. స్పెయిన్‌లో పెద్ద లీగ్‌లో చివరి మూడు స్థానాల్లో మిగిలినవాళ్లు ఏడాది ఆఖర్న మళ్లీ కిందికి దిగిపోవాలి. మావాళ్లు మొదటి నెలలోనే అటువైపు బయల్దేరారు. పెద్దాయనకు బీపీ. తొమ్మిదికల్లా పడుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పడంతో మ్యాచ్ ఆయన నేరుగా చూసేవారు కాదు. రికార్డు చేసిపెడితే సోమవారం పదకొండింటికి ప్రివ్యూ గదిలో చూసేవారు. "ముందే ఎవడైనా ఫలితం చెప్పాడో, ఉద్యోగం ఉండదు" అని హుకుం. చూశాక మొహం మాడ్చుకుని ఇంటికెళ్లిపోయేవారు. బయట రిసెప్షన్‌లో ఫైళ్లు పట్టుకుని కూర్చున్న రచయితలూ, మెట్ల కింద నేనూ ఉసూరుమనేవాళ్లం.

అప్పుడు మా మేనేజరు గారికి ఆలోచన వచ్చింది. ఆయన ఏం చూసినా, ఏం విన్నా, ఆఖరికి పెద్దాయన తుమ్మినా "సూపర్ సార్" అనేవారు. "మన సినిమా బాగా ఆడకపోతే ఏం చేస్తాం? రెండోరోజు ఇరవై నిమిషాలు ట్రిమ్ చేస్తాం. ఫుట్‌బాల్ మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? ఓడిపోయే సీన్లు ట్రిమ్ చేసేయండి" అన్నారు. ఎవరికీ తప్పనిపించలేదు. ఆ ప్రాంతంలో ఎవరికైనా ఎలా అనిపిస్తుంది?

ఆ పని మా ఎడిటర్ మీద పడింది. రహమత్‌నగర్ మనిషి, కత్తెరన్న అనేవాళ్లం. ఏది గోలో, ఏది కాదో గుర్తుపెట్టి చెప్పడానికి నన్ను పక్కన కూర్చోబెట్టారు. ఎదుటి జట్టు వేసిన గోల్స్ అన్నీ కత్తెరన్న తీసేశాడు. మావాళ్లు ఒక్క గోలు వేస్తే దాన్నే గోలుపోస్టు వెనకాల కెమెరా నుంచి మళ్లీ అతికించాడు. "సేమ్ గోల్ గీ యాంగిల్ల పెడితే రెండో గోల్ అయితది చెల్లె. ఫికర్ జెయ్యకు" అన్నాడు. అసలు గోలే లేని వారం అక్టోబరు మ్యాచ్‌లోది తెచ్చి పెట్టాడు. తెర మూలన స్కోరు కనిపిస్తూనే ఉంటుంది కదా, దాన్నేం చేయాలి? దాని మీద మా సంస్థ లోగో వేసేశాడు. సోమవారం అది చూసి పెద్దాయన సీట్లోంచి లేచి నిలబడ్డారు. "మన లోగో స్పెయిన్ మ్యాచ్‌లో పడిందేంటయ్యా!" అని కళ్లు తుడుచుకున్నారు. "సూపర్ సార్" అన్నారు మేనేజరు గారు.

ఆ రోజు నుంచి మా జట్టు ప్రతివారం గెలిచింది. కథల సోమవారాలు కళకళలాడాయి. వచ్చిన రచయితలంతా పెద్దాయనకు అభినందనలు చెప్పి, మావాళ్ల రెండో సగం ఎంత గొప్పగా ఉందో వర్ణించి, ఆపైన కథ మొదలుపెట్టేవారు. (వాళ్లలో ఒక్కరూ బంతి కూడా చూసి ఎరగరు.) పెద్దాయన కూడా అందరికీ "బ్రహ్మాండం, కబురు చేస్తాం" అనే చెప్పేవారు. కబురు ఎవరికీ వెళ్లేది కాదు. మరి పేపర్లో నిజం కనపడదా అని మీరు అడగొచ్చు. కనపడింది. ఒకరోజు ఆయనే ఇంగ్లిషు పేపరు తీసుకొచ్చి, పట్టికలో మావాళ్లు కింది నుంచి రెండో స్థానంలో ఉన్న చోట వేలు పెట్టి చూపించారు. "ఈ లెక్కలు ఎవడు నమ్ముతాడయ్యా? నా సినిమాని మూడో రోజు థియేటర్లలోంచి ఎత్తేస్తే నాలుగో రోజు 'వసూళ్ల వరద' అని పేజీ నిండా వేయించాను. ఆ పెద్ద జట్లవాళ్లు మాత్రం వేయించుకోరేంటి?" అని పేపరు మడిచి పక్కన పడేశారు. జీవితమంతా తప్పుడు లెక్కలు అచ్చువేయించిన మనిషికి సరైన లెక్క చూపించి నమ్మించడం ఎవరి తరం?

ఇందులో నాకు మాత్రం వేరే కష్టం వచ్చిపడింది. కత్తిరించాలంటే ముందు మొత్తం చూడాలి కదా. ఫిల్మ్‌నగర్‌లో ఆ జట్టు ఓడిపోవడం పూర్తిగా చూసింది నేనూ కత్తెరన్నా మాత్రమే. మా గోల్‌కీపర్‌కు బట్టతల, కాస్త పొట్ట, అచ్చం జగిత్యాలలో ఉండే మా మేనమామలా ఉండేవాడు. గోలు పడినప్పుడల్లా వలలోంచి బంతి తీసి, దాని మట్టి తుడిచి, మధ్యకు విసిరి, మళ్లీ వచ్చి చేతులు చాచి నిలబడేవాడు. ఆ తుడవడం నేను రెండేసిసార్లు వెనక్కి తిప్పించి చూసేదాన్ని. కత్తెరన్న సరిగ్గా ఆ ముక్కే తీసేసేవాడు. నేను గదికి వెళ్లి నా కథలో ఆ మనిషి మొండితనం కొంత నా నాయికకు ఇచ్చేదాన్ని. ఆ పిల్ల ప్రతిసారీ గెలిచేది.

మే నెల వచ్చింది. సీనియర్లందరి వంతులూ అయ్యాక మేనేజరు గారు చివరి మ్యాచ్ మర్నాటి సోమవారం నాకు ఇచ్చారు. నాన్నకు చెప్పాను. "గదే ఆఖరు. గట్లయితేనే దరఖాస్తు ఆపుత" అన్నాడు. ఇటు పెద్దాయన, ఇన్ని గెలిచాం కాబట్టి కప్పు మనదేనని తీర్మానించి, ఆ సాయంత్రానికే సక్సెస్ మీట్ పెట్టించారు. ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద ఫ్లెక్సీలు లేచాయి. ఫ్లెక్సీలో మా గోల్‌కీపర్ చిన్నగా, పెద్దాయన పెద్దగా ఉన్నారు. నారింజ రంగు కేకు కూడా చెప్పేశారు.

సోమవారం పొద్దున ఎడిటింగ్ గదిలో చివరి మ్యాచ్ చూశాం. డ్రా అయినా చాలు, పెద్ద లీగ్‌లో మిగిలిపోతారు. చివరిదాకా గోలు పడకుండా కాచుకుని, ఆఖర్న తప్పు చేసి ఎదుటివాళ్లకు పెనాల్టీ ఇచ్చారు. మా గోల్‌కీపర్ మామయ్య సరైన వైపే దూకాడు, బంతి చేతికి తగిలింది కూడా, అయినా లోపలికే పోయింది. మావాళ్లు కిందికి దిగిపోయారు. "గీ పెనాల్టీ తీసేసి అక్టోబర్ గోల్ అతికిస్త. కానీ గాడ ఎండ, గీడ వాన. ఎట్ల జేద్దాం చెల్లె?" అన్నాడు కత్తెరన్న. నేను తెర వైపే చూస్తున్నాను. తెర మీద ఆట అయిపోయింది, జనం కదలడం లేదు. వానలో తడుస్తూ కండువాలు పైకెత్తి పాడుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. మామయ్య మోకాళ్ల మీద కూర్చుని మొహం దాచుకున్నాడు. నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే వెనకాల ఎవరో కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

పెద్దాయన. సక్సెస్ మీట్ హడావుడిలో తొమ్మిదికే వచ్చేశారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. తెర మూలన ఇంకా లోగో పడలేదు, స్కోరు స్పష్టంగా కనిపిస్తోంది.

పాట అయ్యేదాకా తెర మీద జనాన్నే చూశారు. ఆఖరికి, "వాళ్లు ఓడిపోయారు కదమ్మా, మరి వీళ్లెందుకు చప్పట్లు కొడుతున్నారు?" అన్నారు.

"వాళ్ల జట్టు కద సార్" అన్నాను.

"నా మూడో సినిమా పోయినప్పుడు మొదటి ఆటకి వెళ్లాను. ఇంటర్వెల్ తర్వాత హాల్లో నేనూ, టార్చిలైటు కుర్రాడూ మిగిలాం. బయటికొస్తే మనవాళ్లంతా సూపర్ అన్నారు" అని మెడలో కండువా సర్దుకున్నారు.

సరిగ్గా అప్పుడే మేనేజరు గారు కేకు పెట్టెతో లోపలికొచ్చారు. "సూపర్ మ్యాచ్ సార్! సెకండాఫ్ చింపేశారు!" అన్నారు. "ఎంతకి గెలిచామయ్యా?" అని పెద్దాయన మెత్తగా అడిగారు. "మూడు సున్నా సార్!" కత్తెరన్న తల బల్ల కిందికి దించుకున్నాడు. పెద్దాయన మేనేజరు గారిని కేకుతో సహా బయటికి పంపి, నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఇవాళ నీ వంతు కదూ? చెప్పు కథ" అన్నారు.

"ఓడిపోయాం కద సార్..."

"అందుకే చెప్పమంటున్నాను."

చెప్పాను. కాగితం చూసి చదువుతూ మొదలుపెట్టి, మధ్యలో నిలదొక్కుకుని, ఆఖర్న నాయిక గెలిచే చోట చేతులు ఊపి మరీ చెప్పాను. ఆయన కదలకుండా విన్నారు. నేను ఆ "బ్రహ్మాండం, కబురు చేస్తాం" కోసం ఎదురుచూశాను. "బాగాలేదమ్మా" అన్నారు పెద్దాయన. "ఇంటర్వెల్ దాకా బాగుంది. ఆ తర్వాత నువ్వూ వీడిలాగే కత్తెర పట్టావు. ఆ పిల్ల ఓడిపోవాల్సిన చోట నువ్వు ఓడిపోనివ్వలేదు." లేచి వెళ్లిపోయారు.

మెట్ల కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. కత్తెరన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "గీ ఆఫీసుల ఇప్పటిదాంక ఎంతమంది కథ చెప్పిండ్రు? ఒక్కలకన్న బాగాలేదన్నడా సారు? నీకొక్కదానికే చెప్పిండు. ఏడుస్తవేంది?" అన్నాడు. నాన్నకు ఫోన్ చేశాను. "ఏమన్నడు బిడ్డా?" "బాగాలేదన్నరు నాన్నా." అటువైపు కాగితాలు తీస్తున్న చప్పుడు. "మల్ల రాసుకొని రమ్మన్నరు" అన్నాను. పెద్దాయన ఆ మాట అనలేదు, నేనే అతికించాను. నాన్న ఆ ఏడు దరఖాస్తు ఆపాడు.

సాయంత్రం సక్సెస్ మీట్ జరిగింది. ఫ్లెక్సీలు పెట్టాక ఆపడం మన ఆచారం కాదు. పెద్దాయన మైకు అందుకుని "మా జట్టు ఓడిపోయిందండీ. కిందికి దిగిపోయింది. అయినా అది నా జట్టే" అన్నారు. వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. మర్నాడు ఒక వెబ్‌సైట్‌లో "ఘనవిజయం సాధించిన జట్టుకు ప్రముఖ నిర్మాత అభినందన" అని వచ్చింది.

నా నాయికను ఓడిపోనిచ్చి మళ్లీ రాయడానికి ఏడాది పట్టింది. ఆ కథ పెద్దాయనే తీశారు, అనుకున్నదానికంటే నాలుగు రోజులు ఎక్కువే ఆడింది. ఇప్పుడు నాకో ఆఫీసు ఉంది, మెట్ల పైనే. అందరూ మేడమ్ అంటారు. నేను సీను చదివితే అసిస్టెంట్లు కాగితం కింద పెట్టకముందే "సూపర్ మేడమ్" అంటారు. సినిమా విడుదలయ్యాక థియేటర్లో జనం స్పందన అని వీడియోలు తెచ్చి చూపిస్తారు. అందులో అందరూ నవ్వుతూనే ఉంటారు, ఒక్కరూ మధ్యలో లేచి వెళ్లరు. నా కళ్లు మాత్రం తెర మూలన ఏ లోగో వేశారా అని వెతుకుతాయి.

పెద్దాయన సినిమాలు మానేసి జూబ్లీహిల్స్ ఇంట్లోనే ఉంటున్నారు. కొత్త కథ రాస్తే ముందు ఆయనకే వినిపిస్తాను. "బాగాలేదమ్మా" అంటే ఇంటికొచ్చి హాయిగా భోంచేసి మళ్లీ రాసుకుంటాను. మొన్న కూడా వెళ్లాను. మొత్తం విని, కండువా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని, "చాలా బాగుందమ్మా" అన్నారు.

"నిజం చెప్పండి సార్" అన్నాను. "నిజంగానేనమ్మా, బాగుంది" అన్నారు. పనిమనిషిని అడిగాను, సారుకు ఒంట్లో బాగుందా అని. బాగానే ఉన్నారంది. దారంతా ఆ మాట తిరగేసి మరగేసి చూసుకున్నాను. నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్లు ఫిల్మ్‌నగర్‌లో ఉన్నాక, నాతో ఎప్పుడూ అబద్ధమాడని ఒకే ఒక్క మనిషి బాగుందంటే కూడా ఎక్కడ కత్తిరించారా అని వెతుకుతున్నాను చూడండి, నన్నేమనాలి? రేపు మళ్లీ వెళ్తున్నాను, అదే కథ ఇంకోసారి వినిపించడానికి.