చౌకీలో దాచిన బోర్డు

మా ఇలవేల్పు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. బిలాస్‌పూర్‌ వెళ్ళినప్పుడు బావమరిది స్కూటరు స్టేషన్ బయట ఆపి, తిరుగు టిక్కెట్టు కొనుక్కుని వచ్చేసరికి చక్రానికి గొలుసు పడింది. అవతల బావమరిది ఆ స్కూటరు మీదే రైలింజన్ల షెడ్డుకి డ్యూటీకి వెళ్ళాలి.

“ఇక్కడ ఆపకూడదని బోర్డేదీ?” అని అక్కడున్న కానిస్టేబుల్ని హిందీలో అడిగి, తెలుగులో ఓ తిట్టు కలిపాను. ఆయన తెలుగులోనే అందుకున్నాడు. వాళ్ళ తాత రైల్వే పనికి శ్రీకాకుళం నుంచి వచ్చాడట.

“బోర్డు నేదని ఎవులు సెప్పినారు బాబూ? లోపలెట్టినాం.”

పక్కనున్న పోలీసు చౌకీలోంచి బోర్డు మోసుకొచ్చి స్కూటరు పక్కన నిలబెట్టాడు. “అచ్ఛా, ఇప్పుడు సదువుకోండి.”

“అది బయటే ఉంచొచ్చుగా?”

“ఏటి బాబూ, బయటెడితే ఎవుడూ బండి ఆపడు. మరి నానేటి సెయ్యాలి, డ్యూటీల కూకుని?”

ఇలాంటి తెలివి సర్కారు జీతం తింటేనే పుడుతుంది. “ఆ బోర్డుకీ చలానా రాయి, అదీ రోడ్డు మీదే ఆగింది” అన్నాను. ఆయన సిగ్గుతో తల వంచుకుని గొలుసు విప్పాడు.

ఒక్కటి ఒప్పుకోవాలి. గొలుసు విప్పింది నేను జరిమానా కట్టాకే. బోర్డు నిజం, మాటలు నిజం. ఆయన సిగ్గుపడ్డాడన్నదే నా కల్పన.