మణికట్టు మీద నా పేరు

నేను కుళ్ళుబోతుదాన్నని మా అమ్మే అనేది. కాదని నేనెప్పుడూ వాదించలేదు. కానీ తొంభైల చివర్లో, ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలోని మా క్వార్టర్లో ఉన్న రోజుల్లో ఒక అద్దాన్ని చూసి కుళ్ళుకున్నంతగా జన్మలో ఎప్పుడూ కుళ్ళుకోలేదు.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. వర్క్‌షాపులో ఫిట్టరు. యంత్రంలో పడి ఎడమచెయ్యి మణికట్టు పైదాకా పోయింది. చెయ్యి పోయింది గానీ నొప్పి పోలేదు. లేని ఆ చెయ్యి పిడికిలి బిగుసుకుపోయిందనీ, గోళ్ళు అరచేతిలోకి దిగుతున్నాయనీ అనేవాడు. మూడేళ్ళు ఉప్పుమూటతో కాపడం పెట్టాను. నూనె మర్దనా చేశాను. ఊరినుంచి ఎవరొచ్చినా దిష్టి తీయించాను. ఆ పిడికిలి విప్పడం నావల్ల కాలేదు.

అప్పుడు ఆసుపత్రికి ఒక కొత్త దీదీ వచ్చింది. కసరత్తులు చేయించే బెంగాలీ పిల్ల. రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ళ మధ్యే పుట్టి పెరిగింది కాబట్టి మన మాట మనలాగే మాట్లాడేది. మొదట చేతుల బొమ్మలు చూపించి ఏది ఎడమ, ఏది కుడి అని అడిగింది. తర్వాత కళ్ళు మూసుకుని, పోయిన చెయ్యి మెల్లగా తెరుచుకుంటున్నట్టు తలుచుకోమంది. కొన్ని వారాలకు అద్దం పెట్టింది. మొండిచెయ్యి పెట్టెలోకి పోతుంది, పెట్టె పక్కన అద్దం, దాని ముందు కుడిచెయ్యి. అద్దంలోకి చూస్తే ఎడమచెయ్యి మళ్ళీ మొలిచినట్టే ఉంటుందట. ఇద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని అందులోకి చూసేవాళ్ళు. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న నాకు అద్దం వీపే కనబడేది. నా కడుపు మండేది.

మొదటి రెండుసార్లూ పిడికిలి విడలేదు. మూడోసారి ఆ పిల్ల బావ కుడి మణికట్టు పట్టుకుని తిప్పి చూసింది. అక్కడ నా పేరు పచ్చబొట్టు ఉంది. పెళ్ళయిన ఏడాది మా ఊరి తిరణాలలో, నేను పక్కనే నిలబడి పొడిపించినది.

"దాదా, ఎడం సేతికి ఈ పచ్చబొట్టు ఉండేదా?"

"నేదమ్మా."

"మరి అద్దంలో ఎడం సేతికి ఇది కనబడితే బుర్ర ఎలా నమ్ముతాది? ఇది నా సెయ్యి కాదనేస్తాది" అని చర్మం రంగు ప్లాస్టరొకటి తీసి నా పేరు మీద అతికించేసింది. బావ అద్దంలోకి చూస్తూ కుడిచెయ్యి తెరిచాడు. చూస్తూ చూస్తూ గట్టిగా నవ్వాడు. "ఇడిపోనాది దీదీ! పిడికిలి ఇడిపోనాది!"

ఓలమ్మో, నేను సంతోషించాలి కదా! మూడేళ్ళు నావల్ల కానిది ఆ పిల్ల నా పేరు చెరిపేసి చేసింది. ఆ నవ్వు నావైపు తిరగలేదు. నాకు ఏడుపొచ్చింది, అదీ సంతోషంతో కాదు.

రోజూ ఇంట్లో కూడా చెయ్యమంది దీదీ. పెట్టె వర్క్‌షాపు వాళ్ళు చేసిచ్చారు. అద్దం మాత్రం నేను బొట్టు పెట్టుకునే మా గోడ అద్దమే. బావకి ఒంటిచేత్తో ప్లాస్టరు అతికించుకోవడం రాదు. నేనే అతికించాలి. ఇంటికి రాగానే, పాతది పీకేస్తూ, "దీదీ ఇంటికాడ ఇది అక్కర్నేదన్నాది" అని అబద్ధమాడాను. బావ నమ్మాడు. నా మాట నమ్మకపోవడం ఆయనకి తెలీదు.

వారం రోజులు పొద్దునా సాయంత్రం అద్దం ముందు కూర్చున్నాడు. పిడికిలి విడలేదు సరికదా, ఇంకా బిగిసింది. తిండి సయించలేదు. నేను మాత్రం నోరు మెదపలేదు. ఆ పిల్ల గొప్పతనం ఏపాటిదో తేలుతుందిలే అనుకున్నాను. ఇంత నీచంగా అనుకున్నానని ఇవాళ చెప్పడానికి సిగ్గేస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం బావ పెట్టెను కాలితో తన్నేశాడు.

"పారెయ్ దీన్ని. రేపు డాక్టరుగారిని అడుగుతాను, మోచేతి పైదాకా కోసీమని. ఉంచినా బాధే కదా."

నా కుళ్ళుకి బావ చెయ్యి ఇంకో జానెడు పోతోంది. పెట్టె ఎత్తి మంచం మీద పెట్టాను. అద్దానికి ఏమీ కాలేదు. ఇంట్లో ప్లాస్టరు లేదు. పౌడరు నీళ్ళలో కలిపి, ముద్ద చేసి, నా పేరు మీద నేనే మెత్తాను. ఒక్కో అక్షరం కనిపించకుండా పోయేదాకా మెత్తాను.

"ఏటే ఇది? అక్కర్నేదన్నావు కదా?"

"అబద్ధమాడినాను బావా. ఆ బెంగాలీ గుంట నా పేరు కప్పేసిందని కుళ్ళిపోనాను."

తిడతాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను. "వారం రోజులు! వారం రోజులు సచ్చిపోనానే నేను!" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మొండిచెయ్యి పెట్టెలో పెట్టి, కుడిచెయ్యి మెల్లగా మూసి తెరిచాడు. మళ్ళీ మూశాడు. నేను అలవాటుగా ఎదురుగానే, అద్దం వెనకే నిలబడ్డాను. ఎంతసేపటికో ఆయన భుజాలు కిందికి దిగాయి. పిడికిలి విడిందని తెలిసింది.

"అక్కడేటి సూస్తావు? ఇటొచ్చి కూకో" అని మంచం మీద జరిగాడు.

పక్కన కూర్చుని అద్దంలోకి చూశాను. ఎడమచెయ్యి! అయిదు వేళ్ళూ, అరచెయ్యీ, పెళ్ళిలో నన్ను పట్టుకుని నడిపించినప్పటిలాగే. ఆపుకోలేక అద్దం మీద చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. బావ భుజం మీద తల వాల్చి భోరున ఏడ్చాను. ఆ ఏడుపులో కూడా, దీన్ని నాకంటే ముందు ఆ పిల్ల చూసేసిందన్న కుళ్ళు మాత్రం పోలేదు.