మెస్సక్క తెల్లచీర

ఎవరైనా కొత్త హోటల్ తెరిచారని వింటే నాకు మెస్సక్కే గుర్తొస్తుంది. అశ్వారావుపేట బజారులో నేను స్పేర్ పార్ట్స్ షాపులో పనిచేసే రోజుల్లో మధ్యాహ్నం భోజనం ఆమె నడిపే మెస్సులోనే. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, పప్పు, ఒక కూర.

బజారులో ఏ హోటల్ కొత్తగా వచ్చినా ఆమె మొదటిరోజే వెళ్లి తినొచ్చేది. మండీ బిర్యానీ హోటల్ వచ్చింది, వెళ్లి తినొచ్చింది. అద్దాల తలుపుల టిఫిన్ సెంటర్ వచ్చింది, అక్కడికీ వెళ్లింది. ప్రతిసారీ ఆదివారం చర్చికి కట్టే తెల్లచీరే.

"వాళ్ల దగ్గరికి నువ్వెందుకు పోతవక్కా?" అని ఒకసారి అడిగాను.

"పోకపోతే భయపడ్డదనుకుంటరు తమ్ముడూ."

చివరికి సరిగ్గా ఆమె మెస్సుకు ఎదురుగానే రెండంతస్తుల ఏసీ రెస్టారెంటు లేచింది. ఇక ఈమె పని అయిపోయిందని బజారంతా అనుకుంది. ప్రారంభం రోజు తోడు రమ్మని నన్నూ తీసుకెళ్లింది. బెలూన్ల కమాను దాటి, రోడ్డు మీద వాళ్లందరికీ కనిపించేలా అద్దం పక్కనే కూర్చుంది. గొడవకొచ్చిందనుకుని ఓనరు పరుగెత్తుకొచ్చాడు. ఆమె భోజనం తెమ్మంది. నేను రోడ్డు మీద వాళ్ల వైపే చూస్తూ సగం వదిలేశాను. ఆమె మాత్రం తొందరపడకుండా, మెతుకు మిగల్చకుండా తిన్నది.

"ఎట్టా ఉందమ్మా?" అన్నాడు ఓనరు, ఇంకా అనుమానంగానే.

"మంచిగుంది" అంది చెయ్యి కడుక్కుని వచ్చి. "రేపు మీరు మా దగ్గరికి రావాలె. మీ వంటోళ్లను గూడ తీసుకరండి. పన్నెండింటికల్లా రండి. ఆ తర్వాతొస్తే కూర ఉండదు."