చెప్పులు విడిచే కళ్లం

మా మేనత్త పోయిందని పొలంలో ఉండగా ఫోనొచ్చింది. కాఫీ గింజలు ఎండబెట్టే తన సిమెంటు కళ్లం ఊడుస్తూనే కూలిపోయిందట. వట్టికాళ్లతో ఉన్న ఆమెను అలాగే ఆసుపత్రికి మోసుకెళ్లారు. అరకులో మేం ఆడపిల్లలం స్కేట్‌బోర్డు నేర్చుకున్నది ఆ కళ్లం మీదే. ఇలాంటివి కన్నీళ్లతో రాయాలంటారు. నాకు మాత్రం కోపంగా ఉంది, అలాగే రాస్తాను.

కాఫీ పని మీద మా ఊళ్లో కొన్నాళ్లున్న ఒక అక్క వెళ్తూ వెళ్తూ తన పాత బోర్డు మాకిచ్చేసింది. రోడ్డెక్కితే టూరిస్టు కార్లు హారన్లు కొట్టేవి. బడికెళితే గేటు వేసేశారు. ఓ రోజు అత్తకి ఫోన్లో వీడియో చూపించాను. ఎక్కడో పరాయి దేశంలో కుర్రాళ్లు గోడ దూకి, నీళ్లు ఎండిన ఈతకొలనులో బోర్డు తొక్కుతున్నారు. ఇంటివాళ్లు తరిమేస్తున్నారు. ఈ ఆట పెరిగిందే అలా. ఎవరికీ పట్టని పిల్లలు ఎవరూ వాడని సిమెంటు వెతుక్కుని పెంచారు.

"ఖాళీగున్న సోటే కదేటి, ఎందుకు తరుమతన్నారు?" అంది అత్త. కళ్లం వైపు చెయ్యి చూపించి, "కాఫీ పని అయిపోతే మన కళ్లం కూడా ఖాళీయే. రండి. సెప్పులు మాత్రం బయట."

గింజ ఎండే చోట చెప్పులతో అడుగు పెట్టం. కళ్లం ఖాళీగా ఉన్నా సరే, అత్త ఒప్పుకునేది కాదు. అలా వట్టికాళ్లతోనే నేర్చుకున్నాం. వేళ్లు చెక్కుకుపోతే పసుపు అద్ది, "ఏడిసింది సాలు, ఎక్కవే గుంటా" అనేది. మేం పడినప్పుడల్లా పకపకా నవ్వేది. ఆ నవ్వుకి ఒళ్లు మండి మళ్లీ ఎక్కేవాళ్లం.

ఆడపిల్లలు కాళ్లు విరగ్గొట్టుకుంటే పెళ్లెలా అని ఊరి పెద్దలు నిలదీయడానికి వచ్చారు. "నా కళ్లం, నా మేనకోడళ్లు. మీకేటి?" అంది. కూర్చున్నచోటి నుంచి లేవనైనా లేదు.

విశాఖలో పోటీకి వెళితే బూట్లు లేనిదే దిగనివ్వం అన్నారు. మేం బయట పార్కింగులో వట్టికాళ్లతోనే తొక్కాం. చూస్తూ చూస్తూ పట్నం పిల్లలూ ఒక్కొక్కరే బూట్లు విప్పారు. ఇప్పుడు అక్కడ దాన్ని 'అరకు తొక్కుడు' అంటున్నారట. ఆ సంగతి చెబితే అత్త, "ఇంటికెళ్లి కాళ్లు కడుక్కున్నారా మరి?" అని మాత్రం అడిగింది.

అత్త పోయిన వారానికే ఆమె కొడుకు, మా బావ, కళ్లంలో టూరిస్టులకు గుడారాలు వేస్తానన్నాడు. కొలతలు తీయడానికి టేపు పట్టుకుని బూట్లతో వచ్చాడు. మేం అప్పటికే ఊడ్చి సిద్ధంగా ఉన్నాం.

"బావా, సెప్పులు బయట," అన్నాను.

"అమ్మే పోయింది, ఇంకా ఏటే?"

బోర్డెక్కాను. నా వెనక మిగతావాళ్లు. కళ్లమంతా చక్రాల చప్పుడే. బావ అంచునే నిలబడ్డాడు. పొద్దు వాలేదాకా ఎవరమూ దిగలేదు.

చివరికి టేపు జేబులో పెట్టుకుని, వంగి లేసులు విప్పుకున్నాడు. అత్త చెప్పులు కూలిపోయిన రోజు ఆమె విడిచిన చోటే ఉన్నాయి, ఎవరమూ కదపలేదు. వాటి పక్కన తన బూట్లు పెట్టి, చీపురు అందుకుని లోపలికి వచ్చాడు.