వడగట్టిన గుడ్డలో వెలుగు

మా సైన్సు టీచరమ్మ గారు బందరులో పోయారని మొన్న కార్డు వచ్చింది. చల్లపల్లి బడిలో నేను పాఠం చెబుతున్నాను. కళ్ళు తుడుచుకున్నాను గానీ పాఠం ఆపలేదు. ఆపితే ఆవిడే కోప్పడేవారు.

ఆవిడ కొంగుముడిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. మంగినపూడి నుంచి మా అమ్మ చేపల బుట్టతో వస్తే బేరం తక్కువ, ప్రశ్నలెక్కువ. "ఇది ఏం తిని బతుకుతుందమ్మా?" అని అడిగి, చెప్పేదాకా కదిలేవారు కాదు. "చూసింది రాయండి, రాసింది చూపించండి" అని మాకు రోజూ చెప్పేవారు.

ఎనిమిదో తరగతి పెద్దపరీక్షలో, తమంతట తాము వెలిగే ప్రాణులు రెండు రాయమన్నారు. మిణుగురులని రాసి, "రాత్రిళ్ళు సముద్రాన్ని మెరిపించే పురుగులు" అని కూడా రాశాను. ఆ మెరుపు కదిలిన చోటే మా నాన్న వల వేసేవాడు. టీచరమ్మ గారు రెండు మార్కులూ వేశారు. సముద్రంలో మెరిసేది భాస్వరమనీ, ఒక మార్కు కొట్టేయమనీ హెడ్మాస్టరు గారన్నారు. సరిగ్గా ఆ మార్కుతోనే నేను గట్టెక్కాను. తప్పితే బడి మాని బుట్ట ఎత్తాలని ఇంట్లో ఖాయం చేసేశారు.

"రేపు చీకటి పడ్డాక చూపిస్తానండి," అన్నారు టీచరమ్మ గారు.

మర్నాడు అమ్మ కుండతో సముద్రపు నీళ్ళు బడికి తెచ్చింది. చీకట్లో తలుపులు మూసి, హెడ్మాస్టరు గారి ఎదుటే టీచరమ్మ గారు చెయ్యి పెట్టి కలిపారు. ఏమీ మెరవలేదు.

"శుభ్రంగానే తెచ్చానండీ. మీకిచ్చేవి కదా, నలకలెందుకని చీరముక్కతో వడగట్టాను," అంది అమ్మ బిక్కమొహంతో.

"ఆ గుడ్డ ఏదమ్మా?"

"కుండ మూతికి కట్టింది అదేనండీ."

తడిగుడ్డను ఆవిడ అరచేతుల మధ్య నులిమారు. వేళ్ళ సందుల్లో నీలంగా మెరిసింది. మళ్ళీ నులిమితే మళ్ళీ మెరిసింది.

"వెలుగు నీళ్ళదైతే కుండలోనే ఉండాలి కదండీ. గుడ్డకు చిక్కాయి, ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నాయి. ప్రాణులు కాక ఏమిటండీ?"

హెడ్మాస్టరు గారు గుడ్డ అందుకుని తనూ నులిమి చూశారు. చిన్నపిల్లాడిలా నవ్వేశారు.

"మార్కు ఉంచండమ్మా," అన్నారు.

గెలిచాం. ఇవాళ నా చేతిలో సుద్దముక్క ఉందంటే ఆవిడ చలవే, మా అమ్మ చీరముక్క చలవే.

ఆ రోజు టీచరమ్మ గారు తడివేలితో నల్లబల్ల మీద పెద్ద టిక్కు పెట్టారు. అది నీలంగా మెరిసి, మెల్లగా ఆరిపోయింది. దీపం వెలిగించడానికి చాలాసేపు ఎవరూ లేవలేదు.