టీచర్‌గారి మావాడు

మా పియానో టీచర్‌గారు పోయారు. మొన్న పొద్దున్నే ఆవిడ భర్త ఫోన్ చేసి, "అమ్మా, మీ టీచర్ వెళ్ళిపోయింది" అన్నారు. ఆ వెంటనే, "స్నో పడుతోంది, రోడ్లు బాగాలేవు. నిదానంగా డ్రైవ్ చేసుకుంటూ రండి" అన్నారు. అలాంటి కబురు చెబుతూ కూడా మా ప్రయాణం గురించి బెంగపడే మనిషి. ఫోన్ పెట్టేసి వంటింట్లోనే కూలబడి ఏడ్చాను.

మేముండే ఈ అమెరికా ఊళ్ళో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఆవిడ బేస్‌మెంట్ మెట్లు దిగని తెలుగు పిల్లలు తక్కువ. ఆవిడ భర్త, మా అందరికీ అంకుల్, కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరయ్యారు గానీ ఆవిడ మాత్రం పాఠాలు మానలేదు. శనివారాలు మా అమ్మాయిని దింపేసి షాపింగ్‌కి వెళ్దామని చూసేదాన్ని. "కూర్చోవమ్మా, మాల్ ఎక్కడికీ పారిపోదు" అనేవారు. అలా కూర్చున్న మొదటి చలికాలంలోనే నా పరువు పోయింది.

ఆ రోజు టీ ఇస్తూ ఆవిడ, "మావాడికి వాళ్ళ నాన్న బడిపంతులు ఉద్యోగం అంటగట్టాడు. వీడు వింటేనా! అది వదిలేసి, పాటలు రాసుకుంటూ స్నేహితుల ఇళ్ళలో పడుండేవాడు. ముప్పై దాటాడో లేదో, జ్వరమొచ్చి పోయాడు" అన్నారు. మన ఇళ్ళలో మావాడంటే కొడుకే కదా. పైన సోఫాలో టీవీ చూస్తున్న అంకుల్ అంత మొండి తండ్రా అనుకున్నాను. కళ్ళనీళ్ళతో ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఒక్కడేనా అండీ?" అన్నాను. ఆవిడ ముందు తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వారు. "ఏవండీ, విన్నారా? మనకో కొడుకు పుట్టాడట!" అని పైకి కేకేశారు.

మావాడంటే రెండు శతాబ్దాల కిందట యూరప్‌లో బతికిన స్వరకర్త. ఆవిడ నోట అతని అసలు పేరు నేను విన్నది తక్కువ. ఆ దంపతులకు పిల్లలు లేరని తర్వాత తెలిసి ఇంకా సిగ్గుపడ్డాను.

ఆవిడ పియానో మీద ఎప్పుడూ ఓ నెయిల్ కట్టర్ ఉండేది. పిల్లల గోళ్ళు తనే తీసి, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టేవారు. ఎవరైనా తొందరపడి వాయిస్తే, "నీకేమన్నా ఫ్లైట్ ఉందా?" అని ఆపేవారు. స్వరాల మధ్య ఖాళీ వదలకపోతే మాత్రం నిజంగా కోపమొచ్చేది. "మావాడు ఇక్కడ ఆగమని రాశాడు. ఆగడం కూడా వాయించడమే." పిల్లల కచేరీలో తల్లిదండ్రులం ఫోన్లు పట్టుకుని లేస్తే, "అంతంత సింఫనీలు రాసి, హాల్లో ఒక్కటీ వినకుండానే పోయాడు వాడు. మీకేం వచ్చింది, కూర్చుని వినడానికి?" అని అందరి ముందూ చివాట్లు పెట్టేవారు. సరిగమలు రాని నాకు వినడం నేర్పింది ఆవిడే.

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళాక టీచర్‌గారికి మతిమరుపు మొదలైంది. ముందు పిల్లల పేర్లు పోయాయి, తర్వాత వేళ్ళకు దారి తెలియకుండా పోయింది. చివరికి అలాంటివాళ్ళను చూసుకునే హోమ్‌లో చేర్చారు. అక్కడొకరోజు ఆవిడ, "మావాడికి జ్వరం తగ్గిందా?" అని అడిగితే, అంకుల్ పాత హాస్యమే అనుకుని, "వాడు పోయి రెండు వందల ఏళ్ళయిందే" అన్నారట. "నాకెవరూ చెప్పలేదే!" అని ఆవిడ గుండెలు బాదుకున్నారు. అన్నం ముట్టలేదు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే ఏడుపు.

"ఇన్నేళ్ళ కాపురంలో దానికి అబద్ధం చెప్పలేదమ్మా" అన్నారు అంకుల్ నాతో, ఆవిడ మంచం పక్కనే. "నిజం చెబితే రోజూ కొడుకు పోయినట్టే ఉంది. ఏం చెయ్యమంటావు?"

అంతలో ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూశారు. "అమ్మాయ్, మావాడికెలా ఉంది?"

"తగ్గిందండీ. జావ తాగి పడుకున్నాడు."

ఆవిడ ముఖం తేటపడింది. అంకుల్ కిటికీవైపు తిరిగిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు పొద్దున్నే ఆయన నాకు ఫోన్ చేసి, "ఇవాళ ఏం తిన్నాడని చెప్పను?" అని అడిగేవారు. ఇడ్లీ అనేదాన్ని, చారన్నం అనేదాన్ని. ఫోన్ పెట్టాక దుఃఖం ఆగేది కాదు.

ఆఖరిసారి వెళ్ళినప్పుడు టీచర్‌గారు తన భుజాల మీది శాలువా తీసి నా ఒళ్ళో పెట్టారు. "వాడి అపార్ట్‌మెంట్‌లో హీట్ రావట్లేదట. వెళ్తూ వెళ్తూ ఇచ్చేసి వెళ్ళు. ఇంటికి రమ్మన్నానని చెప్పు." సరేనని తెచ్చి కారు వెనక సీటులో పెట్టాను.

అంత్యక్రియలయ్యాక, పార్కింగ్ లాట్‌లో కారు తలుపు తీసి ఆ శాలువా అంకుల్‌కి చూపించాను. "మీ దగ్గర ఉంచుకోండి" అన్నాను.

"వాడికి ఇచ్చేశావని చెప్పానమ్మా దానికి. కప్పుకున్నాడని కూడా చెప్పాను."

ఆయన లోపలికి వంగి శాలువా మడత విప్పి, సీటు మీద పొడుగ్గా పరిచారు. అంచులు సర్దారు. లోపల ఎవరో పడుకున్నట్టు, తలుపు చప్పుడు కాకుండా వేశారు.