రుచి చూసే డ్రైవరు

మా ఊరి చేపల లారీ నడిపే డ్రైవరు బాబాయికి ఏది కారినా వేలితో అద్ది నాలుకకు రాసుకోవడం అలవాటు. ఓసారి నేను ఆ లారీలో నాయుడుపేట వెళుతుంటే, పులికాట్ ఒడ్డున రేడియేటర్ గొట్టం చిట్లింది. ఎండెక్కితే తన చేపలు పాడైపోతాయని, వెనక గంపల మీద కూర్చున్న అక్క ఒకటే గోల.

బాబాయి గొట్టానికి గుడ్డ చుట్టి వలదారంతో బిగించాడు. ఇక నీళ్ళు పోయాలి. సరస్సు నీళ్ళు నాలుకకు రాసుకుని, ఉప్పని ఉమ్మేశాడు. గంపల కింద కరిగిన ఐసునీళ్ళు బకెట్లో పట్టి, అవీ రుచి చూశాడు.

"ఎట్టుండాయన్నా?" అంది అక్క.

"ఉప్పు లేదు మే, చింతపండూ లేదు. పోసెయ్యి!"

చేపలు చెడకముందే సంతకు చేరాం. పొగలు కక్కుతున్న బానెట్ దగ్గరికి ఒకాయన వాసన చూస్తూ వచ్చి, "పులుసు ఉడికిందా?" అన్నాడు.

"ఉండు సామీ, చూసి చెప్తా," అంటూ బాబాయి గొట్టం దగ్గర కారుతున్న చుక్క వైపు వేలు చాపాడు.